అప్‌డేట్ కాని గొంతు

"ఒరే ఒరే ఒరే! ఆ బంతిని వదిలేస్తే పోయేదేటిరా? పోయి పోయి దాని జోలికెళ్ళి..."

కెప్టెన్ కోదండపాణి గొంతు అక్కడ తెగిపోయింది.

మంచం మీద ఆయన కదల్లేదు. పక్షవాతం పడగొట్టినప్పటి నుంచి ఆయన ఒంట్లో కనుపాపలు తప్ప ఏదీ కదలదు. ఆ గొంతు వచ్చేది మంచం పక్కన బల్ల మీదున్న కంప్యూటర్ స్పీకర్లోంచి. మామూలు కంప్యూటర్. ఏ ఇంట్లోనైనా ఉండేలాంటిది. దాని డబ్బా మీద దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. బొట్టు కింద ఎర్ర అక్షరాల కాగితం ఒకటి అతికించి ఉంది: "నెట్ కలపరాదు."

నీలవేణి కలిపింది.

ఫోన్‌లో మ్యాచ్ చిన్నగా కనిపిస్తోందని నాన్న సణిగాడు. పెద్ద తెర మీద చూపిద్దామని ఫోన్‌లోని నెట్ కంప్యూటర్‌కి అందేలా మధ్యలో వైరు పెట్టింది. అంతే. ఉదయం నుంచీ తండ్రీకూతుళ్ళు మ్యాచ్ చూస్తున్నారు. లంచ్ తర్వాత తెర ఒక్కసారిగా నీలంగా మారింది. మధ్యలో తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అప్‌డేట్ జరుగుతోంది. మూడు శాతం పూర్తయింది. కంప్యూటర్‌ను ఆపవద్దు."

నీలవేణి గబుక్కున వైరు పీకేసింది. మూడు శాతం నాలుగైంది. రావాల్సిందంతా అప్పటికే లోపలికి వచ్చేసింది.

"నాన్నా! నాన్నా, వినిపిస్తోందా?"

స్పీకర్ పలకలేదు. ఆమె చూపు తెర మీదే ఉంది. మంచం వైపు చూసి ఉంటే తండ్రి కళ్ళు పైకి, కిందికి, మళ్ళీ పైకి ఆత్రంగా కొట్టుకోవడం కనిపించేది. చూడలేదు. ఆ ఇంట్లో ఆయన కళ్ళలోకి చూడటం అందరూ మానేసి చాలా కాలమైంది.

ఆమె తల్లికి ఫోన్ చేసింది.

*

వైజాగ్ శివారున ఎండాడ కొండవాలులో ఉన్న ప్రయోగశాలలో డాక్టర్ వసుంధర ఓ కొత్త పేషెంటు ఇంటికి పంపాల్సిన పరికరాల పెట్టె సర్దుతోంది. ఆ పేషెంటుకి వచ్చే వారం ఆపరేషన్. కూతురు చెప్పింది వినగానే చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది.

"ప్లగ్ పీకావా?"

"లేదమ్మా."

"పీకకు. మధ్యలో ఆపితే మొత్తానికే పోతుంది. దేన్నీ ముట్టుకోకు. వచ్చేస్తున్నాం."

జోగారావు అప్పటికే కారు తాళాలు తీసుకున్నాడు. ప్రయోగశాలలో కంప్యూటర్ల బాధ్యతంతా ఆయనదే. వసుంధర కన్నా వయసులో పెద్ద. మాటకి శ్రీకాకుళం యాస, మనసుకి కంగారు. భుజానికి ఎప్పుడూ వేలాడే సంచిలో చిన్న డిస్క్ ఒకటి ఉంటుంది. అందులో కంప్యూటర్‌ని నడిపే పాత సిస్టమ్, ఏ అప్‌డేటూ లేనిది, ఉన్నదున్నట్టు భద్రంగా ఉంటుంది.

"భయపడకండి మేడమ్. ఎంత శాతమైనా అవనీయండి. అయ్యాక దీన్ని ఎక్కించేస్తే పాతది వచ్చేస్తాది. అనకాపల్లిలో చేశాం కదా!"

అనకాపల్లి పేరు వినగానే వసుంధర కళ్ళు మూసుకుంది.

తాము కనిపెట్టినదానికి వాళ్ళు పెట్టుకున్న పేరు వారధి. పుర్రె లోపల, మెదడు మీద తపాలా బిళ్ళంత రేకు పెడతారు. అది సన్నటి కరెంటు పంపి, మనిషి అనబోయే మాటను పసిగడుతుంది. చెవి వెనక నుంచి వచ్చే వైరు రేకుకి కరెంటు ఇస్తూ, ఆ కబురును కంప్యూటర్‌కి అందిస్తుంది. కంప్యూటర్ దాన్ని ఆ మనిషి గొంతులోనే పలుకుతుంది. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ చాలు. వసుంధర గర్వమంతా అక్కడే.

ఆ గొంతుకీ మాటతీరుకీ ముడిసరుకు ఫోన్ కాల్స్. పేషెంటు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో బంధువులతో మాట్లాడిన కాల్స్ ఎవరి ఫోన్లోనో రికార్డయి ఉంటాయి. ప్రతి కుటుంబమూ వాటిని వెతికి తెచ్చి ఇచ్చేది. వారధి వాటిని విని మనిషిని నేర్చుకునేది.

మొదట్లో మాటలు నత్తినత్తిగా వచ్చేవి. కారణం జోగారావే పట్టుకున్నాడు. మెదడు నుంచి కబుర్లు ఒక్కసారిగా వరదలా వచ్చిపడితే కంప్యూటర్‌లోని సిస్టమ్ తట్టుకోలేదు. కొన్నిటిని జారవిడుస్తుంది. మాటలో కంతలు పడతాయి. ఇద్దరూ ఆలోచించి ఆ కంతలు పూడ్చే ఏర్పాటు చేశారు. మాట జారిపోయిన చోట, ఆ మనిషి అలాంటప్పుడు మామూలుగా ఏమంటాడో అది వారధే వేసేస్తుంది. ఆ పని జరిగినప్పుడల్లా తెర మూలన చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. మాట నున్నగా వచ్చింది. కుటుంబాలు ఏడ్చాయి, దండాలు పెట్టాయి.

సిస్టమ్ తయారుచేసినవాళ్ళు తర్వాత అప్‌డేట్ పంపారు. ఈ జారవిడిచే జబ్బు నయం చేశామన్నారు. అనకాపల్లిలో మొదటి పేషెంటు, రిటైరైన హెడ్మిస్ట్రెస్ సీతారత్నం గారి ఇంట్లో దాన్ని ఎక్కించి చూశారు. అంతవరకూ చక్కగా కబుర్లు చెబుతున్న మనిషి అరుపులు మొదలుపెట్టింది. "మంట, మంట, తియ్యండి" అంటూ అవే ముక్కలు. అప్‌డేట్ వారధిని పాడుచేసిందని తేల్చేశారు. జోగారావు గంటలో పాతది ఎక్కించేశాడు. "ఎలా ఉన్నారమ్మా?" అని అల్లుడు అడిగితే, "బాగానే ఉన్నా నాయనా" అందావిడ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రోజు నుంచి ఏ ఇంట్లోనూ ఏ కంప్యూటర్నీ నెట్‌కి కలపలేదు. ఏ అప్‌డేటూ చేయలేదు. సీతారత్నం గారు ఆ శ్రావణంలోనే పోయారు. పోయే రోజు ఉదయం కూడా బాగానే ఉన్నానన్నారు.

"నీలూని తిట్టకండి మేడమ్," అన్నాడు జోగారావు, హనుమంతువాక సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కుతూ. "పిల్ల. నాన్నకి మ్యాచ్ చూపిద్దామనుకుంది. కెప్టెన్ గారు కూడా గారాబం చేసుంటారు. పెళ్ళాం మాట కన్నా బ్యాటింగే ముఖ్యం ఆయనకి."

వసుంధరకి నవ్వు రాలేదు.

*

పాతనగరంలో ఆ ఇంటి కిటికీలోంచి హార్బర్ క్రేన్లు కనిపిస్తాయి. కోదండపాణి టగ్ కెప్టెన్. పెద్ద ఓడలను తాళ్ళు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ ఆయనది. తుపాను రోజున కూడా ఫోన్‌లో భార్యతో "ఏం లేదే, బాగానే ఉన్నా, నువ్వు తిన్నావా?" అనేవాడు. ఇంటికొచ్చాక చూస్తే అరచేతులు తాళ్ళ రాపిడికి చీలిపోయి ఉండేవి.

వాళ్ళు గదిలోకి వచ్చేసరికి తెర మీద తొంభై ఎనిమిది ఉంది.

"సారీ అమ్మా... నేను..." నీలవేణి కంప్యూటర్ ముందు నుంచి లేచింది.

"తర్వాత. జరుగు."

తొంభై తొమ్మిది. తెర నల్లబడింది. జోగారావు డిస్క్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తెర వెలిగింది. వారధి దానంతటదే తెరుచుకుంది. మూలన ఉండే చుక్క ఆరిపోయి ఉంది.

"ఏవండీ," అంది వసుంధర. "వినిపిస్తోందా? ఎలా ఉన్నారు?"

స్పీకర్ గరగరమంది.

"మంట."

నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మంట... వసూ... కాలిపోతంది... తియ్యి..."

"అదే! అచ్చం అనకాపల్లి కేసే!" జోగారావు ముందుకొచ్చాడు. "చూశారా? అవే ముక్కలు. పాడైపోయింది. తప్పుకోండి మేడమ్, పాతది ఎక్కించేద్దాం."

"పెట్టండి అంకుల్, తొందరగా పెట్టండి! నాన్న ఇలా మాట్లాడడు!"

జోగారావు డిస్క్ వైరు కంప్యూటర్‌కి గుచ్చబోయాడు. వసుంధర ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగండి."

ఆమె తెర మూలన ఆ చుక్కనే చూస్తోంది. మాట వస్తోంది, చుక్క వెలగడం లేదు. కంతలు లేవు. పూడ్పూ లేదు. అయితే ఈ మాటలు ఎక్కడివి?

"ఏవండీ. మీరేనా మాట్లాడేది?"

కాసేపు గరగర. తర్వాత ఒక్కో ముక్కా బరువు మోసుకొస్తున్నట్టు వచ్చింది.

"నేను కాపోతే... మీ బాబా?"

పెళ్ళైన కొత్త నుంచీ ఆయన ఆమెను ఉడికించే మాట అది. ఫోన్‌లో ఎప్పుడూ అనలేదు. ఆమె తండ్రి పక్కనుండి వింటారేమోనని, ఎదురుగా ఉంటేనే అనేవాడు. ఏ రికార్డింగ్‌లోనూ లేదు. వారధికి తెలిసే వీలే లేదు.

వసుంధర మంచం అంచున కూలబడింది.

"ఎప్పటి నుంచి?" అంది. "ఈ మంట ఎప్పటి నుంచండీ?"

"మొదట్నుంచీ... మాటాడితే... మంట. చెప్తూనే... ఉన్నాను. మీకు... వినపడదు."

"అలాగెలా అవుతాది?" జోగారావు మొండికేశాడు. "మెదడుకి నొప్పి తెలియదు కదా మేడమ్? మీరే కదా చెప్పారు!"

"మెదడుకి తెలియదు," అంది వసుంధర. "దాన్ని చుట్టిన పొరకి తెలుస్తుంది. మన రేకు కూర్చునేది దాని పక్కనే."

ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆమె బుర్రలో ముక్కలన్నీ వాటంతటవే అతుక్కున్నాయి. నొప్పి లేచినప్పుడు మెదడు నుంచి కబుర్లు వరదలా వస్తాయి. పాత సిస్టమ్ సరిగ్గా అప్పుడే తట్టుకోలేక వాటిని జారవిడుస్తుంది. ఆ కంతలో, ఈ మనిషి మామూలుగా ఏమంటాడని వారధి తన దగ్గరున్న ఫోన్ కాల్స్‌ని అడుగుతుంది. ఎలా ఉన్నావంటే ఫోన్‌లో ఎవరైనా ఏమంటారు? జ్వరంతో మూలుగుతున్నా, ఇంట్లో పొయ్యి వెలక్కపోయినా, అవతలివాళ్ళు కంగారుపడతారని ఏమంటారు?

బాగానే ఉన్నా.

ఆ కాల్స్ ఏరి యంత్రానికి పోసింది తనే. మంచి గొంతు, మంచి మాట, చికాకు లేనివి, ఏడుపు లేనివి చూసి మరీ ఏరింది.

"రోజూ సాయంత్రం కబుర్లు చెప్పమని..." నీలవేణి మంచం దగ్గరికొచ్చింది. "నేనే అడిగేదాన్నమ్మా. సముద్రం కథలు చెప్పు నాన్నా అని. గంటలు గంటలు. కళ్ళ నీళ్ళొస్తే ఆనందం అనుకున్నా. కిందికి చూస్తుంటే నిద్రొస్తోందనుకున్నా."

వారధి రాక ముందు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పైకి చూస్తే అవును. కిందికి చూస్తే కాదు. అక్షరాల అట్ట పట్టుకుని, వేలు జరుపుతూ, ఒక్కో అక్షరానికీ ఆయన కళ్ళు చూసేవాళ్ళు. ఒక వాక్యానికి ఒక పూట పట్టేది. గొంతు వచ్చాక ఆ అట్ట బీరువా వెనక్కి వెళ్ళిపోయింది.

జోగారావు డిస్క్ ఇంకా కింద పెట్టలేదు. "మేడమ్," అన్నాడు, ఈసారి మెల్లగా. "ఇది ఎక్కిస్తే... మళ్ళీ మామూలుగా మాటాడతారు కదా."

"మాట్లాడతారు," అంది వసుంధర. "మంట మాత్రం అలాగే ఉంటుంది. మనకి వినిపించదు, అంతే."

జోగారావు డిస్క్‌ని సంచిలో వేసుకోలేదు. కిటికీ గట్టు మీద పెట్టి, దాని వైపు చూడకుండా నిలబడ్డాడు.

"అనకాపల్లావిడ తియ్యండి, తియ్యండి అంటుంటే," అన్నాడు గోడవైపు తిరిగి, "నేనే నోరు మూయించాను మేడమ్. ఈ చేత్తోనే."

నీలవేణి తల్లి వైపు తిరిగింది.

"ఇప్పుడేం చేస్తావమ్మా?" అంది నీలవేణి.

"కరెంటు ఆపేయాలి. ఆపితే మంట ఆగుతుంది. తర్వాత ఆపరేషన్ చేసి రేకు తీసేయాలి. కాలిన చోట మళ్ళీ పెట్టడానికి ఉండదు."

"అంటే నాన్న ఇంక మాట్లాడడా?"

వసుంధర మంచం మీదికి వంగింది. చాలా కాలం తర్వాత ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఎర్రగా, అలిసిపోయి ఉన్నాయి.

"ఆపేయనా?"

కళ్ళు పైకి వెళ్ళాయి. వెంటనే స్పీకర్ గరగరమంది.

"ఉండు... మిగతా వాళ్ళకీ... ఇంతేనా?"

ఆ ప్రశ్నకి గదిలో ముగ్గురూ తలెత్తారు. వారధి ఉన్న ఇళ్ళన్నీ వసుంధర కళ్ళ ముందు తిరిగాయి. భీమిలి, తుని, విజయనగరం. అన్నిచోట్లా కంప్యూటర్ మీద ఎర్ర అక్షరాల కాగితం. అన్నిచోట్లా ఫోన్ కాల్స్ నేర్పిన మాటలు.

"ఇంతే," అంది. "అందరికీ ఇంతే."

"అయితే... ఫోన్లు చెయ్యి. ముందు... వాళ్ళు."

"మీది ఆపాకే చేస్తాను. ఇంకొక్క మాట కూడా వద్దు మీరు."

"ఒక్కటి." గరగర పెరిగింది. ఆయన కనుకొలకుల్లోంచి నీళ్ళు చెవుల మీదికి జారుతున్నాయి. ఇప్పుడవి ఏమిటో అందరికీ తెలుసు. "నీలూ... స్కోరెంతే?"

నీలవేణి ఫోన్ వెతుక్కుంది. కళ్ళు మసకబారి అంకెలు కనిపించలేదు. మోచేత్తో తుడుచుకుని చదివింది. "నూట డెబ్బై ఆరుకి... అందరూ అవుటైపోయారు నాన్నా."

"ఛ," అంది కెప్టెన్ గొంతు. "దండగ ముండాకొడుకులు..."

వసుంధర ఆయన చెవి వెనక వైరు పట్టుకుని లాగేసింది.

స్పీకర్లో గరగర ఆగింది. కిటికీ అవతల ఎక్కడో ఓ టగ్ హారన్ కొట్టింది. ఆమె ఆయన ముఖం మీదికి వంగి అడిగింది. "మంట ఆగిందా?"

కళ్ళు పైకి వెళ్ళాయి. అక్కడే చాలాసేపు ఉండిపోయాయి.

*

ఫోన్లు అక్కడి నుంచే మొదలుపెట్టింది. నీలవేణి బీరువా వెనక నుంచి అట్ట తీసి దుమ్ము దులుపుతోంది. జోగారావు గుమ్మంలో కూర్చుని మోకాళ్ళ మీద తల ఆన్చుకున్నాడు.

భీమిలిలో ఒక భార్య ముందు నమ్మలేదు. "మీరు పెట్టిందే కదండీ? ఇప్పుడు మీరే ఇలాగంటే ఎలా?" అంది.

"స్పీకర్ ఆపేయండమ్మా. ఆపి, ఆయన కళ్ళు చూస్తూ అడగండి. బాగున్నారా అని. పైకి చూస్తే అవును. కిందికి చూస్తే కాదు. మీకు గుర్తుందిగా?"

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. స్విచ్ నొక్కిన చప్పుడు. ఆవిడ గొంతు దూరంగా, మెల్లగా భర్తని ఏదో అడిగింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. వసుంధర వేచి ఉంది. చివరికి ఆవిడ వేసిన కేకకి ఫోన్ చెవి దగ్గర్నుంచి జరపాల్సొచ్చింది.

తునిలో తలుపు మూసుకుని, స్పీకర్ ఆపి, అడిగి చూస్తామన్నారు. ఇంకోచోట ఎత్తలేదు.

విజయనగరంలో పైడిరాజు ఎత్తాడు. బట్టల కొట్టు ఉంది ఆయనకి. తల్లి అప్పలనరసమ్మ కోసం కొట్టు వెనక గదే ఇల్లుగా మార్చుకున్న మనిషి. చెప్పిందంతా విన్నాడు. చివర్న నవ్వాడు.

"ఏటి మేడమ్, ఎవరో మీకేదో చెప్పుంటారు. మా అమ్మ బాగానే ఉందండీ. ఇందాకే కదా నాతో మాటాడింది."

"పైడిరాజు గారూ, అది ఆవిడ మాట కాదు. ఒక్కసారి స్పీకర్ ఆపి..."

"ఆపనండీ." నవ్వు పోయింది. "రెండేళ్ళు మా అమ్మ గొంతు వినక నేనేం అయిపోనానో మీకు తెలీదు. మీరిచ్చారు, మీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకుంటాను. మళ్ళీ తీసుకుపోతానంటే మాత్రం ఊరుకోను. ఎవర్నీ గుమ్మం ఎక్కనివ్వను."

"తీసుకుపోవడానికి కాదు! ఆవిడ కాలిపోతోంది!"

"కాలిపోతే చెప్పదా? నోరుంది కదా ఇప్పుడు!" ఫోన్ పట్టుకుని నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు. "ఉండండి, మీరే వినండి. అమ్మా! వైజాగ్ నుంచి డాక్టర్ గారు. నీకేదో మంటగా ఉందంట?"

క్షణం పాటు ఏమీ రాలేదు. అవతల ఆ తెర మూలన ఆకుపచ్చ చుక్క వెలిగి ఉంటుంది. వసుంధరకి కళ్ళ ముందున్నట్టే కనిపించింది.

"మంటేటిరా?" అంది ముసలావిడ గొంతు. నిండుగా, ఆప్యాయంగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా ఉంది. "నాకేటి, మారాజులా ఉన్నాను. బాగానే ఉన్నానమ్మా. మీరెలాగున్నారు? ఇంట్లో అందరూ బాగున్నారా?"

వసుంధర మంచం వైపు చూసింది. కూతురు పట్టుకున్న అట్ట మీద భర్త కళ్ళు మొదటి అక్షరం కోసం వెతుకుతున్నాయి.

అలవాటైన జవాబు దానంతటదే ఆమె నాలుక చివరికి వచ్చేసింది.